కిందికి దిగనివ్వని మాత్ర

ఫిబ్రవరి 9

పిన్నికి,

నీ పిచ్చుక రాస్తోంది. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావని తెలుసు. ఫోన్లు సైటు గేటు దగ్గర పెట్టెలో పడేసి లోపలికి పోవాలి. సాయంత్రం చేతికొచ్చేసరికి ఊళ్ళోని ఆడపిల్లల హాస్టల్ గదిలో ఆరుగురం ఉంటాం. ఇక్కడ గోడలకే కాదు, మంచాలకీ చెవులున్నాయి. అయినా ఫోన్‌లో నువ్వు "తిన్నావా" అంటావు, నేను "తిన్నా" అంటాను, అయిపోతుంది. ఉత్తరంలో అయితే రెండు పేజీలు తిడతావు. అదే నాకు ఇష్టం.

పని బాగానే ఉంది. అద్దాల డబ్బాలో కుర్చీ, ఒక్కో చేతికి క్రేన్ నడిపే ఒక్కో కర్ర, ముందు ఆకాశం. నా క్రేన్ ఎక్కాలంటే రెండు వందల పది మెట్ల నిచ్చెన. ఎక్కడానికి పదిహేను నిమిషాలు, దిగడానికి పన్నెండు. నేను దిగితే కింద పద్నాలుగు మంది చేతులు కట్టుకు కూర్చోవాలి. ఫోర్‌మన్ ఏమీ అనడు, గడియారం వైపు చూస్తాడంతే. ఆ చూపుకన్నా తిట్టినా బాగుండును. ఆడవాళ్ళ బాత్రూమ్ సైటుకి ఆ చివర ఉంది, సిమెంటు గోడౌన్ వెనకాల. సైటు మొత్తానికి ఆడదాన్ని నేనొక్కదాన్నే కదా, ఒక్కదాని కోసం దగ్గర్లో ఎందుకని ఎక్కడో పారేశారు.

అసలు సంగతి ఏమిటంటే, ఇక్కడ నీళ్ళు బాగాలేవు. ముప్ఫై మందికి పైగా విరేచనాలు పట్టుకున్నాయి. మా పిన్ని మందుల షాపులో ఉంది అని గొప్పలు చెప్పుకున్నాను, ఇప్పుడు అందరూ నా ప్రాణం తీస్తున్నారు. ఆ కట్టేసే మాత్రలు కాస్త ఎక్కువగా పంపు. కాస్త అంటే కాస్త కాదు, బాగానే.

నీ
పిచ్చుక


ఫిబ్రవరి 15

ఒసేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం కౌంటర్ దగ్గరే నిలబడి చదివాను. ఓనరు "ఏంటమ్మా, గిరాకీ నిలబడింది" అన్నాడు. "నిలబడనీయండి, మా అక్క కూతురు రాసింది" అన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ కౌంటర్ దగ్గర నా కాళ్ళు నిలబడలేదా, వాళ్ళు ఓ ఐదు నిమిషాలు నిలబడితే అరిగిపోతారా!

ముప్ఫై మందికా! చదివి హడలిపోయాననుకో. ముప్ఫై మందికి ఒకేసారి పట్టుకుందంటే తప్పు కడుపులది కాదే, నీళ్ళ ట్యాంకుది. ముందు దాన్ని కడిగించమను ఆ గడియారం బాబుని. ఇరవై స్ట్రిప్పులు పెట్టాను. అట్టపెట్టెలు చింపి అవతల పారేసి ఉత్త స్ట్రిప్పులే సర్దాను, పార్సెల్‌లో చోటు కలిసొస్తుందని. ఆ చోటులో ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు కూరాను. అసలు మందు అదే, మాత్ర కాదు. ఒంట్లోంచి పోయిన నీళ్ళు మాత్రతో తిరిగిరావు.

అందరికీ చదివి వినిపించు. విరేచనాలు పట్టుకున్న పెద్దవాళ్ళు మొదట రెండు వేసుకోవాలి, ఆ తర్వాత నీళ్ళలా అయినప్పుడల్లా ఒకటి. డాక్టరు చెప్పకుండా రోజు మొత్తానికి నాలుగు దాటకూడదు. రెండు రోజుల్లో తగ్గకపోతే నా దగ్గరకీ నీ దగ్గరకీ కాదు, డాక్టరు దగ్గరకి పోవాలి. జ్వరం ఉన్నా, రక్తం పడినా ఈ మాత్ర ముట్టనే కూడదు, లోపలి విషం బయటికి పోకుండా తలుపేసినట్టవుతుంది. వాళ్ళలో ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకి వేస్తారేమో, వేస్తే నేనే బస్సెక్కి వచ్చి చెవి మెలేస్తానని చెప్పు.

నీకు బాగానే ఉందిగా? ముప్ఫై మంది గురించి రాశావు, నీ గురించి ఒక్క ముక్క లేదు.

మీ
పిన్ని


మార్చి 20

పిన్నికి,

నువ్వు నా నెత్తిన పాలు పోశావు. పార్సెల్ రాగానే అందరికీ పంచేశాను. అందరూ నిన్ను డాక్టరమ్మ అంటున్నారు. నీ చేతి మాత్ర అంటే ఎంత గురో ఇక్కడ!

మళ్ళీ ఓ ఇరవై పంపుతావా? నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.

నా గురించి రాయలేదన్నావు కదా, రాస్తున్నాను విను. నీ పిచ్చుక లావైంది. పొట్ట గట్టిగా తయారైంది, ప్యాంటు గుండీ పట్టడంలేదు, తాడు కట్టుకుంటున్నాను. పొద్దున్నే వికారం. ఒక ముద్ద తింటే చాలు కడుపు నిండిపోతుంది. నిచ్చెన దిగేటప్పుడు కళ్ళు తిరుగుతున్నాయి. ఎత్తులో ఉండి ఉండి అలా అవుతుందేమో. కంగారు పడకు, కూర్చుని చేసే పని కదా, అందరికీ పొట్ట వస్తుందట.

మాత్రలు మర్చిపోకు.

నీ
పిచ్చుక


మార్చి 25

ఏమే,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. ఓనరు మంచినీళ్ళిచ్చాడు.

ఎవడే వాడు?

పొట్ట గట్టిపడింది, పొద్దున్నే వికారం, కళ్ళు తిరుగుతున్నాయి అని రాసి, ఎత్తులో ఉన్నందుకట! నేను ఇరవై రెండేళ్ళుగా ఆడపిల్లల మొహాలు చూసి మందులిస్తున్నదాన్ని, నా చెవిలోనే పువ్వు పెడతావా? మీ అమ్మ పోతూపోతూ నీ చెయ్యి నా చేతిలో పెట్టింది. నాలుగేళ్ళ పిల్లవి. నిన్ను పెంచడంలో నేను పెళ్ళి మాటే ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా దగ్గర దాచాల్సిన అవసరం నీకేమొచ్చిందని. తిడతానా? తిడతాను. కానీ వదిలేస్తానా?

మాత్రలు పంపడంలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఏ మాత్రా సొంతంగా మింగకూడదు. ఆ ముప్ఫై మంది సంగతి వాళ్ళే చూసుకుంటారు. పరీక్ష చేసుకునే పుల్ల పెట్టాను. పొద్దున లేవగానే చూసుకుని వెంటనే రాయి. వాడి వివరాలు కూడా రాయి. మంచివాడైతే సరే, కాకపోతే మరీ సరే, నేనున్నాను.

మీ
పిన్ని


ఏప్రిల్ 2

పిన్నికి,

నీ పుల్ల నీకే పంపిస్తున్నాను, ప్యాకెట్ కూడా విప్పలేదు. ఎవడూ లేడు. ఇక్కడ నాతో మర్యాదగా రెండు మాటలు మాట్లాడే మగాడే లేడు, ఇక కడుపొకటా!

నువ్వు కూడా అలాగే అనుకుంటావని అనుకోలేదు. అడగలేదు, తీర్పే చెప్పేశావు. నా బాధేమిటో నీకు చెప్పాలని మూడు కాగితాలు రాసి చించేశాను తెలుసా? ఇక రాయను.

మాత్రలు నువ్వు పంపక్కర్లేదు. గేటు పక్క కొట్లో దొరుకుతున్నాయి. వాడు నీలాగా ప్రశ్నలు వేయడు.


ఏప్రిల్ 9

నా తల్లీ,

సంతకం కూడా పెట్టని ఉత్తరం నీ దగ్గరనుంచి ఇదే మొదటిది. నాలుగుసార్లు చదివాను. తప్పు నాదే. నోరు జారింది. ఉన్న ఒక్క పిల్లనీ పరాయిదాన్ని చేసుకునేలా ఉన్నాను. క్షమించు అనడం మన ఇంట్లో ఎవరికీ చేతకాదు, అయినా అంటున్నాను.

కానీ నీ ఉత్తరంలో ఒక మాట నన్ను నిద్రపోనివ్వడం లేదే. మాత్రలు గేటు పక్కన దొరుకుతున్నాయి అన్నావు. ఎవరికోసం? రెండు నెలలైంది. ముప్ఫై మందికి రెండు నెలలు విరేచనాలు ఆగకపోతే ఈపాటికి పేపర్లో పడేది, సైటుకి తాళం వేసేవారు. ఎవరికీ తగ్గలేదంటే ఏదో అబద్ధం ఉంది. లేదా అందరికీ తగ్గి, ఒక్కరే ఇంకా వేసుకుంటున్నారు.

ఆ ఒక్కరూ నువ్వేనా?

తిట్టను. ఒట్టు. అవునో కాదో ఒక్క ముక్క రాయి. అవునైతే ఈ ఉత్తరం పూర్తిగా చదివేలోపే ఆ మాత్రలు అవతల పారేసి డాక్టరు దగ్గరకి వెళ్ళు.

మీ
పిన్ని


ఏప్రిల్ 18

పిన్నీ,

అవును. నేనే.

ఆసుపత్రి మంచం మీదనుంచి రాస్తున్నాను. భయపడకు, రాయగలుగుతున్నానంటే బతికే ఉన్నానని అర్థం. చావు తప్పి కన్ను లొట్టపోయింది. నీ ఉత్తరం హాస్టల్‌లో నాలుగు రోజులు పడి ఉందట, ఈరోజే తెచ్చిచ్చారు. అది చదివాక ఏడుపు ఆగలేదు. ముందే అందుంటే? ఏమో, అందినా "కాదు" అని రాసేదాన్నేమో. ఈ రెండు నెలల్లో నాకు అబద్ధం అలవాటైపోయింది.

మొదటినుంచీ చెప్తాను. ముప్ఫై మంది లేరు. నీళ్ళు బాగానే ఉన్నాయి. ఉన్నది నేనొక్కదాన్నే, అదీ ఒక్కరోజే. జనవరిలో, చేరిన రెండో వారం, పైన ఉండగా కడుపులో తిప్పింది. ఆపుకున్నాను. ఇక ఆగక దిగడం మొదలుపెట్టాను. సగం నిచ్చెన కూడా దిగలేదు పిన్నీ. కింద అందరూ తలెత్తి చూస్తున్నారు. ఇంతకన్నా రాయలేను, నువ్వే అర్థం చేసుకో. మర్నాటినుంచి నా పేరు 'వాన'. నేను గేటులోకి వస్తుంటే "వానొస్తోంది, గొడుగులు తీయండ్రా" అని ఒకడు అరిచేవాడు. నా లోడుకి కిందనుంచి సైగలు చేసే సిగ్నల్ మనిషే వాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాకీ-టాకీలో నా చెవిన పడేది వాడి గొంతే.

పని మానేద్దామనుకున్నాను. మానేస్తే ఇంకో ఆడపిల్లని ఆ కుర్చీలో కూర్చోనివ్వరని కూడా అనుకున్నాను. అందుకే పొద్దున్నే రెండు మాత్రలు వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాను. విరేచనాలు లేవు, రాకుండా ఉండటానికి! పోనుపోను రెండు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. నువ్వు రాసిన జాగ్రత్తలన్నీ చదివాను. అవి జబ్బు ఉన్నవాళ్ళకి, నాకు కాదు అనుకున్నాను. షాపులో ఎవరికైనా అడగ్గానే ఇచ్చే మాత్ర కదా, పైగా నీ చేతి మాత్ర, అది నన్నేం చేస్తుంది?

తర్వాత పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. వారం పది రోజులు బాత్రూమ్ ఊసే లేదు. పొట్ట రాయైపోయింది. మార్చి చివర్లో ఒకరోజు ఉన్నట్టుండి నీళ్ళలా రావడం మొదలైంది. చెప్పకుండా, ఆగకుండా. మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి దేవుడా అని ఎనిమిది వేసుకున్నాను. ఆగలేదు, పన్నెండు. డాక్టరమ్మ చెప్పింది, అవి విరేచనాలే కాదట. గట్టిపడిపోయినది పేగులో బండలా అడ్డుపడితే, దాని పక్క సందులోంచి కారుతున్న నీళ్ళట. నేను చేసిందల్లా ఆ బండకి ఇంకా సిమెంటు వేయడం. వింటూంటే నా మతి పోయింది.

పద్నాలుగో తారీఖు పొద్దున పదకొండు గంటలకి, రెండు టన్నుల ఇనుప చువ్వల కట్ట హుక్కుకి ఉంది. గుండె ఒక్కసారి ఎగిరి పడ్డట్టయింది, తర్వాత కొట్టుకోవడం మర్చిపోయినట్టయింది. ఆ తర్వాత నాకేమీ తెలీదు. చెయ్యి పట్టు తప్పితే క్రేన్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంది, ఆ ఏర్పాటే అందరినీ కాపాడింది. చువ్వల కట్ట పదకొండు మంది తలల మీద అలాగే వేలాడుతూ ఉండిపోయిందట. అందరూ పరిగెత్తారట. ఒక్కడు మాత్రం ఎదురు పరిగెత్తి నిచ్చెన ఎక్కాడు. నాకు 'వాన' అని పేరు పెట్టినవాడే. నన్ను నడుముకి తాడు కట్టి దింపుతున్నంతసేపూ "కళ్ళు తెరువమ్మా, కళ్ళు తెరువమ్మా" అంటూనే ఉన్నాడట. అమ్మా అన్నాడట నన్ను.

డాక్టరమ్మ "రోజుకి ఎన్ని వేసుకున్నావు?" అంది. "పన్నెండు. ఈ మధ్య పదహారు" అన్నాను. రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. గుండె గీతల కాగితం నాకు చూపించి, "ఈ గీత ఇంకాస్త సాగి ఉంటే నువ్వు నాకు ఈ లెక్క చెప్పడానికి ఉండేదానివి కాదు" అంది. విరేచనాల మాత్రకీ గుండెకీ ఏమిటి సంబంధం పిన్నీ? నేను పేగుని ఆపుకున్నాననుకున్నాను, అది గుండెని ఆపబోయింది.

"ఎవరిచ్చారు?" అని అడిగింది. గేటు పక్క కొట్టువాడు అని చెప్పాను. నీ పేరు నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నీ
పిచ్చుక


ఏప్రిల్ 23

పిచ్చుకా,

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు ఎగురుతున్నాయి. ఇంకో మూడు గంటల్లో నీ మంచం పక్కన ఉంటాను. అయినా రాస్తున్నానంటే, నిన్ను చూశాక నోరు తెరిస్తే తిట్టో ఏడుపో వస్తుంది తప్ప మాట రాదని. ఇది నీ చేతిలో పెట్టి నేను కిటికీ వైపు తిరుగుతాను.

నీ ఉత్తరం అందగానే షాపులోకి వెళ్ళి ఆ మాత్ర అట్టపెట్టె ఒకటి తీశాను. లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాలు. ఇరవై రెండేళ్ళలో ఆ మడత ఒక్కసారీ విప్పలేదే. ఓనరు కళ్ళద్దాలు కూడా నావాటి మీద పెట్టుకుని చదివాను. చెప్పిన మోతాదు మించి వేసుకుంటే గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుందట, స్పృహ తప్పుతుందట, ప్రాణమే పోవచ్చట. కొన్ని వేరే మందులతో కలిస్తే ఇంకా ప్రమాదమట, అందుకే వేసుకునే మందులన్నీ ముందే చెప్పాలట. నాకు తెలీదు. నాలుగు దాటకూడదని జనానికి చెప్పడం తెలుసు, దాటితే ఏమవుతుందో తెలీదు. మహా అయితే మలబద్ధకం అనుకున్నాను.

ఆ కింద ఇంకోటి రాసి ఉంది. మలబద్ధకం, పొట్ట ఉబ్బడం, వికారం, కళ్ళు తిరగడం. పొట్ట ఉబ్బితే వెంటనే ఆపేయాలి. మత్తు రావచ్చు, యంత్రాలు నడిపేవాళ్ళు జాగ్రత్త. మార్చిలో నువ్వు రాసిన ఉత్తరం తీసి పక్కన పెట్టుకున్నాను. ఆ కాగితంలో ఏమేం ఉన్నాయో నువ్వూ అవే రాశావు, వరసకూడా దాదాపు అదే. కళ్ళ ముందు అచ్చు వేసినట్టు చెప్తే, నేను నీకు పుల్ల పంపాను!

ఆ కాగితాలు ఎక్కడికి పోయాయో తెలుసుగా. నీ ఇరవై స్ట్రిప్పులవీ నేనే నా చేత్తో చింపి చెత్తబుట్టలో వేశాను, చోటు కలిసొస్తుందని. అడిగినన్ని ఇచ్చింది నేను. ముప్ఫై మంది అనగానే ఒక్క ప్రశ్నా వేయకుండా, డాక్టరమ్మ అనిపించుకోవాలని సర్దింది నేను. గేటు పక్కవాడు నా తర్వాతివాడే.

అందుకని ఆ డాక్టరుతో నిజం చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే చెప్తాను. "మా పిన్ని ఇచ్చింది" అను. దాచకు. ఇక నాకోసం కూడా ఏదీ దాచకు.

ఆ ఫోర్‌మన్‌ని కూడా చూడాలి. గడియారం పెట్టుకుని ఉండమను.

మీ
పిన్ని


జూన్ 28

పిన్నికి,

నువ్వు వెళ్ళిపోయి ఆరు వారాలైనా సైటులో నీ కథలే. ఫోర్‌మన్ గదిలో బల్ల మీద నా గుండె గీతల కాగితం పరిచి, "ఇప్పుడు చూడండి టైము" అన్నావట! క్రేన్ కాళ్ళ దగ్గరే రేకుల బాత్రూమ్ వేశారు. తలుపుకి లోపల గడియ కూడా ఉంది. ఆడవాళ్ళు అని రాశారు, నేనొక్కదాన్నే అయినా బహువచనం.

గీత మామూలుగానే వస్తోందని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. ఆ మాత్ర జన్మలో ముట్టొద్దంది. ఎప్పుడు నిజంగా విరేచనాలైనా తన దగ్గరకే రమ్మంది. సోమవారం మళ్ళీ ఎక్కాను. రెండు వందల పది మెట్లూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. 'వాన' అని ఎవరూ అనలేదు. ఏమని పిలవాలో తెలీక ఎవరూ ఏమీ పిలవలేదు.

నిన్నటి సంగతి చెప్పాలి. పెద్ద పని, స్లాబు వేస్తున్నారు. ఫోర్‌మన్, పైనుంచి వచ్చిన ఇంజినీర్లు, అందరూ కిందే. మధ్యాహ్నం ఉన్నట్టుండి కడుపులో తిప్పింది. నిజంగానే. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది పిన్నీ. ఖాళీ జేబులో వేళ్ళు వెతుకుతున్నాయి. ఇంకో గంట ఓర్చుకుందాం, ఈ లోడు, ఆ తర్వాత లోడు అనుకున్నాను. అలా అనుకుంటూ ఉంటే ఆసుపత్రిలో పైకప్పు గుర్తొచ్చింది.

లోడు కిందికి దింపి హుక్కు ఖాళీ చేయించాను. వాకీ-టాకీ బటన్ నొక్కాను. అది నొక్కితే సైటు మొత్తానికీ వినిపిస్తుంది. "క్రేన్ ఆపుతున్నాను. నాకు విరేచనం వచ్చేలా ఉంది. బాత్రూమ్‌కి దిగుతున్నాను" అన్నాను. మామూలుగా, లోడు రెడీ అన్నట్టు అన్నాను.

బటన్ వదిలాను. ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు ఎవడో గొడుగులు అంటాడు అని కళ్ళు మూసుకున్నాను.

"సరే" అన్నాడు సిగ్నల్ మనిషి. "మెల్లగా దిగు. మేం ఉంటాం."

దిగాను. అందరూ ఆగారు. ఇంజినీర్లు కూడా. నేను వెళ్ళొచ్చేదాకా ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు, ఒకడు బీడీ కాల్చుకున్నాడు. అంతే పిన్నీ. ముప్పావుగంట పని ఆగింది, ఏమీ కాలేదు. ఇంతేనా అని నాకే నమ్మబుద్ధి కాలేదు. ఈ ఒక్క ముక్క నోరు తెరిచి చెప్పడానికి నేను చావబోయాను.

నీ
పిచ్చుక